గుండీ దూకిన చోట

ఆట పూర్తయిందని మారిక కబురు పెట్టింది.
మంచీ చెడూ రాసిమ్మంది, శుక్రవారం లోపు,
మొహమాటపడకుండా.

తాలిన్‌లో నవంబరు. మూడున్నరకే చీకటి.
కోప్లి వెళ్ళే ట్రామ్ కిటికీలోంచి చూస్తే
సముద్రం కూడా కడిగిన పలకలా ఉంది.
ఇంటికొచ్చి తెర వెలిగించగానే
నా గది గోడల మీద నారింజరంగు ఒలికింది.

ఒక దర్జీ దుకాణం.
కోటు నుంచి తెగిపడ్డ పసుపు గుండీ ఒకటి
తన కోటును వెతుక్కుంటూ గెంతుతుంది.
అంతే కథ. అంతకు మించి అక్కర్లేదు.

ముందు మంచి.
మీట నొక్కిన వేలికీ ఎగిరిన గుండీకీ మధ్య
వెంట్రుక దూరేంత సందు లేదు.
అంచు దాటిపోయాక కూడా
ఒక్క రెప్పపాటు గాలి మనల్ని క్షమిస్తుంది,
తొక్కుడుబిళ్ళలో గీత తొక్కినా
చూడనట్టు నటించే అక్కలాగా.
దారపుండల కొండలు, మఖమల్ లోయలు,
సూదుల అడవి, అందులో
మంచుకు బదులు రాలే సుద్దపొడి.
ఇన్ని రంగుల్ని ఒక్కచోట కూర్చోబెట్టి
జుట్లు పట్టుకోకుండా చూడటం మాటలు కాదు.

ఇక చెడు.
కెమెరా పెంకి మేక.
కొండెక్కుదాం రమ్మంటే కింద గడ్డి చూస్తుంది.
ఐదో దశలో కత్తెర రాక్షసి
మూడుసార్లు ఒకే మాట అని
మూడుసార్లూ ఒకేలా చస్తుంది.
నాణేలు తొమ్మిదివందలు ఏరాను.
వాటితో కొనుక్కోవడానికి
ఒక టోపీ ఉంది. గుండీకి తలేది?
'పైన పటారం, లోన లొటారం' అని రాసి
కొట్టేశాను.
నాలుగేళ్ళుగా మారిక సరిగ్గా నిద్రపోలేదని
నాకు తెలుసు.

గురువారం రాత్రి ఉర్మస్ మామయ్య వచ్చాడు.
పియానోలు శ్రుతి చేస్తాడాయన.
ఎప్పుడూ రెండు మేజోళ్ళూ రెండు రంగులు,
ఆయనకెవరూ చెప్పరు.
ఏదీ, నన్నూ ఆడనీ అన్నాడు.

నాలుగో దశ, రిబ్బన్ల వంతెన.
ఆట మొత్తానికి అందమైన చోటు.
ఎర్రది తెగుతుంది, పచ్చది మోస్తుంది.
మామయ్య పదకొండుసార్లు పడ్డాడు.
"పచ్చదాని మీదికి దూకు" అన్నాను.
"రెండూ బురదరంగే కదా నాకు" అన్నాడు,
తనకు రాని ఉత్తరం గురించి చెప్పినంత మామూలుగా.

నేను ఎర్రసిరాతో, పెద్ద అక్షరాల్లో:
ఈ ఆట కొందర్ని గుమ్మంలోనే ఆపేస్తుంది.
వాక్యం ఇంకా ఆరలేదు,
పడటం ఆగిందని గమనించాను.
తల పక్కకి వాల్చి
గుండీని ఒక్కో రిబ్బను మీదికీ దింపుతున్నాడు,
ఒక్కటీ తప్పకుండా.
నేను కట్టేసిన ధ్వనిని ఆయనెప్పుడు విప్పాడో!

"వినపడటం లేదూ?
గాలి వీచినప్పుడు బిగిసిన రిబ్బను ఒకలా పాడుతుంది.
తెగబోయేది అరస్వరం కిందికి జారుతోంది.
సడలిన తీగ ఎక్కడైనా అంతే."

పక్కింటి పసిబిడ్డ నిద్ర పాడవుతుందని
నాలుగు రోజులుగా నేను మూగ ఆట ఆడాను.
దాన్నే తూకం వేశాను.

మారికకు ఫోన్ చేశాను. ఆమెకీ తెలియదు.
చాలాసేపు వెతికి చెప్పింది:
"వసంతంలో తోనిస్ అని ఒక కుర్రాడు వచ్చాడు,
పని నేర్చుకోవడానికి, రెండు నెలలు.
గాలి చప్పుళ్ళు వాడికే అప్పగించాం."
ఎవరి కోసం అలా చేశాడో
అడిగినవాళ్ళు లేరు.

ఎర్రా పచ్చా లోపాన్ని కొట్టేయలేదు.
పియానో చెవులు అందరికీ ఉండవు.
దాని కింద ఇంకో లోపం చేర్చాను:
చివర నడిచే పేర్లలో ఒక పేరు లేదు.

మామయ్య ఐదో దశ చేరాడు.
కెమెరాను
మా అమ్మమ్మ మేకల్ని తిట్టిన తిట్లే తిడుతున్నాడు.